రాబందులు పోయిన నష్టము – మన సంఘపు పూచీ

కాడియెద్దు చచ్చిన దినమున రైతుయింట పొయ్యి రాజుకొనదు. అట్టి దుఃఖములో నున్న గృహస్థు ఆ పూటనే తీర్చుకొనవలసిన పని మఱియొకటి కలదు. కళేబరము నెక్కడ వేయవలెను? నా చిన్నతనమున ఈ ప్రశ్న యెవరికిని తోచియుండలేదు. ఊరికి పడమట, చెఱువుకట్ట కావలనున్న బీడులో దానిని దింపి వచ్చెడివారు. తోలు తీయువారు తమ పని ముగించి యివతలికి జరుగునంతలో, ఆకాశమున చుక్కలవలె కనబడుచుండిన పక్షులు గిరికీలు కొట్టుచు నేలకు దిగెడివి. నలుబదియో యేబదియో యుండెడివి. గంట గడచునప్పటికి తెల్లని యెముకలు మాత్రము మిగిలెడివి. కొన్ని దినముల తరువాత ఆ యెముకలను సైతము ఎరువుల నిమిత్తమై యేరుకొని పోవు వర్తకులు వచ్చెడివారు. దుర్గంధము లేదు, ఈగలు లేవు, ఎవరికిని ఒక్క పైసా ఖర్చు లేదు.

పిల్లలము దూరమునుండి చూచి అసహ్యించుకొనెడివారము. ఎవనినైన తిట్టవలెనన్న 'రాబందు' అను మాటను నేటికిని వాడుచున్నాము. అధికవడ్డీ గుంజు వర్తకుని రాబందనుట మన సహకార సభలలో పరిపాటియే. నేనును వేదికపై ఆ మాట వాడినవాడనే. వడ్డీవ్యాపారి బ్రదికియున్నవానిని తినును, ఆ పక్షి చచ్చినదానిని తప్ప ముట్టదు, అను భేదము మనకు తట్టలేదు. సీతమ్మకొఱకు ప్రాణము లిచ్చిన జటాయువును లేపాక్షిలో తలచుకొని నమస్కరించు మనమే, ఊరబయట నున్న ఆ పక్షిజాతి యెప్పుడు మాయమైనదో గమనింపకుంటిమి. ఏ సంవత్సరమున కడపటి రాబందు మా యూరి బీడులో దిగెనో చెప్పగలవాడు నేడు మా యూర నొక్కడును లేడు.

ఈ మఱపునకు మన దేశము చెల్లించిన వెల యెంతయో లెక్కకట్టిన యొక పరిశోధన 2024లో అమెరికా ఆర్థికశాస్త్ర పత్రికయగు 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో ప్రకటితమైనది. దానిని వ్రాసినవారు చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఏయల్ ఫ్రాంక్ గారును, ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయమునకు చెందిన అనంత్ సుదర్శన్ గారును. రాబందులు నశించుట వలన 2000 మొదలు 2005 వఱకు భారతదేశమున సుమారు 5 లక్షల మంది మనుష్యులు అధికముగా మరణించిరని వారి నిర్ణయము. ఆ ప్రాణనష్టమును ధనరూపమున చెప్పినచో సంవత్సరమునకు 6,940 కోట్ల డాలర్లని వారు వ్రాసిరి. ప్రాణమునకు డాలర్లలో వెలకట్టుట నాకు రుచింపదు. అయినను బొక్కసముల కడ కూర్చున్నవారికి ఆ భాష తప్ప వేఱొకటి తలకెక్కదు గనుక దానిని క్షమింపవచ్చును.

చచ్చిన పక్షికిని చచ్చిన మనుష్యునికిని సంబంధ మున్నదని వీ రెట్లు కనుగొనిరని సభ్యులు అడుగవచ్చును. అడుగవలెను గూడ, ఏలయన పెద్ద సంఖ్యలు చెప్పినంతమాత్రమున నమ్ముట మంచిది కాదు. వారి పద్ధతి రైతునకు తెలియనిది కాదు. క్రొత్త ఎరువును పరీక్షింప దలచినప్పుడు మనము ఒకే మడిని రెండుగా చేసి, యొక భాగమునకు ఎరువు వేసి, రెండవదానిని ఊరక విడిచి, పంటను తూచి చూతుము. ఎరువు వేయుటకు పూర్వము రెండు భాగములును సమముగా పండుచుండినగాని ఆ పరీక్ష చెల్లదు. వీరును అట్లే చేసిరి. రాబందులకు అనుకూలమైన జిల్లాలను ఒక ప్రక్కను, అవి సహజముగానే అరుదుగా నుండు జిల్లాలను వేఱొక ప్రక్కను ఉంచిరి. పక్షులు నశించుటకు పూర్వము ఈ రెండు తెగల జిల్లాలలోను మరణముల నడక యొక్క తీరుననే యుండెను. పక్షులు పోయిన తరువాత మొదటి తెగ జిల్లాలలో మరణములు నూటికి నాలుగు పాళ్ళకు పైగా పెరిగెను. రెండవ తెగలో అట్టి పెరుగుదల కానరాలేదు. పశువులు అధికముగా నున్న పట్టణ ప్రాంతములలో, అనగా కళేబరములు గుట్టలుగా పడు చోటులలో, ఈ కీడు మఱింత హెచ్చుగా కనబడినది. ఆ జిల్లాలలో కుక్కకాటు మందుల అమ్మకము పెరిగెను. నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవులు పెరిగెను. ఇన్ని సాక్ష్యములు ఒక్క దిక్కునే చూపుచుండగా కాకతాళీయ మనుట కష్టము.

ఇక ఆ పక్షులను చంపినదేమి? తుపాకి కాదు, కఱవు కాదు. పశువు నొప్పిని తగ్గించుటకు మనము వేయించిన సూదిమందు.

డైక్లోఫినాక్ అను నొప్పిమందు మనుష్యులకు చాల కాలమునుండి వాడుకలో నున్నదే. 1994 ప్రాంతమున దానిని పలువురు తయారుచేయ మొదలిడుటచే ధర పడిపోయి, పశువులకు వాడుట విరివియైనది. కుంటు ఎద్దునకును, పొదుగువాపు గల ఆవునకును, జ్వరము తగిలిన గేదెకును అదియే మందు. పశువునకు నిజముగా మేలే చేసినది. కాని ఆ మందు ఒంటిలో నుండగా పశువు చచ్చినచో, ఆ మాంసము తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, కొలది దినములలోనే ప్రాణము పోవును. రాజస్థానమందలి భరత్‌పూరు కేవలాదేవ్ వనములో పక్షులు రాలిపోవుచున్నవని విభు ప్రకాశ్ గారు 1999లోనే ప్రకటించిరి. కారణము మాత్రము తెలియలేదు. ఏదో అంటువ్యాధి యని పలువురు తలచిరి. 2004లో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు లిండ్సే ఓక్స్ గారును తోటివారును పాకిస్తానమున చచ్చిన పక్షులను కోసి చూచి, వాని యవయవములపై తెల్లని సుద్దవంటి లవణము పేరుకొనియుండుటను గుర్తించి, ఆ విషము డైక్లోఫినాకేయని నిరూపించిరి.

కళేబరములన్నింటిలో విష ముండనక్కఱలేదు. నూటి కొక్కటికంటె తక్కువ కళేబరములు అట్టివైనను ఈ జాతి క్షయించుటకు చాలునని అదే సంవత్సరమున మఱికొందఱు లెక్కించి చూపిరి. దీనికి హేతువు ఆ పక్షి తిండి పద్ధతియే. ఒక్క ఎద్దు మీద ఏబది పక్షులు వ్రాలును గనుక ఒక్క సూది ఏబదింటిని చంపగలదు. పైగా ఆడుపక్షి యేట ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును, పిల్ల యెదిగి జతకట్టుటకు ఐదేండ్లు పట్టును. వరిలో పోయిన పంటను మరుసటి కారున రాబట్టుకొందుము, ఇట్టి జాతిలో పోయినదానిని రాబట్టుటకు తరములు కావలెను. 1992కును 2007కును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింటికి 999 పోయినవి. పొడవుముక్కు రాబందులు నూటికి 97 పోయినవి.

ఈ లెక్క చదివినప్పుడు నాకు 1999 నాటి సంగతి జ్ఞప్తికి వచ్చినది. మా వలపటి ఎద్దు దున్నకములో కాలు బెణికి లేవలేకున్నప్పుడు నేనే పట్టుబట్టి ఆ సూది వేయించితిని. రెండవనాడు లేచి నిలుచున్నది. అయిదవనాడు వేఱొక జబ్బు తిరుగబెట్టి చచ్చినది. దానిని బీడులో వేయించితిని. ఆనాడు పక్షులు దిగెనో లేదో నే నెఱుగను, వెనుదిరిగి చూడలేదు. నేను తప్పు చేసితినని నా పొరుగువా డొక్కడును అనడు, నేనును అనుకొనను. తెలియదు. తెలిసిన తరువాత మాత్రము ఆ మాట చెల్లదు.

పక్షులు వదలిన పనిని కుక్కలును ఎలుకలును చేపట్టినవి. కాని చేయవలసినట్లు చేయలేదు. రాబందు జఠరరసము మిక్కిలి తీక్ష్ణమైన ఆమ్లము, రోగక్రిములు అందు బ్రదుకుట అరుదు. కుక్క సగము తిని సగము విడుచును, రోగమును ఊరిలోనికి మోసికొని వచ్చును, తిండి దొరకిన కొలది సంతతిని పెంచును. 1992 మొదలు 2006 వఱకు ఇట్లు పెరిగిన కుక్కల కాటువలన 47 వేలమందికి పైగా అధికముగా మరణించిరని ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయపు అనిల్ మార్కండ్య గారును సహచరులును 2008లో లెక్కించిరి. సందెవేళ పొలమునుండి ఒంటరిగా వచ్చు స్త్రీలును, కాలువగట్టున బడికి పోవు పిల్లలును ఈ సంఖ్యలో నున్నవారే యని మనము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇట్టిదే మఱియొక సంగతిని పై ఫ్రాంకు గారే 2024లో వెలువరించిరి. అమెరికాలో బూజురోగముచే గబ్బిలములు నశించిన మండలములలో, అవి తినుచుండిన పురుగులను చంపుటకు రైతులు పురుగుమందును సుమారు 31 పాళ్ళు హెచ్చుగా చల్లిరనియు, ఆ మండలములలో శిశుమరణములు సుమారు 8 పాళ్ళు పెరిగెననియు ఆయన కనుగొనిరి. జీతము పుచ్చుకొనని పాలేరు పోయిన తరువాతగాని వాని పనికి కూలి యెంతో తెలియదు.

ఇక ప్రభుత్వము చేసినదేమి? పశువులకు డైక్లోఫినాక్ వాడుటను 2006లో నిలుపు జేసినది. మనుష్యులకని తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుచుండుటచే, 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్ల చిన్న సీసాలలో మాత్రమే అమ్మవలెనని నిర్ణయించినది. అంతలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులు బయలుదేరినవి. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంటిలో డైక్లోఫినాక్‌గనే మాఱును. ఈ రెంటిని 2023లో పశువులకు నిషేధించిరి. నిమెసులైడ్‌ను 2024 డిసెంబరు కడపట నిషేధించిరి. ఈ వరుస చూడుడు. మందు ముందు అంగడికి వచ్చును, పక్షులు చచ్చును, విద్వాంసులు వ్రాయుదురు, ఏండ్లు గడచినపిదప నిషేధము వచ్చును. విత్తనమును మొలకకట్టి చూడక నారు పోయువానిని మనము మూఢు డందుము. పశువులకు క్రొత్త నొప్పిమందును అనుమతించుటకు పూర్వమే రాబందులకు హాని లేదని పరీక్షించి చూపవలెనని నియమము చేయుట ప్రభుత్వమునకు దుర్ఘటమైన పని కాదు.

కొందఱు సభ్యులు నాతో ననిన మాట నిక్కడ దాచను. 'చట్టములన్నియు రైతు నెత్తినే పడునా? ఎద్దు మూలుగుచుండగా పక్షిని తలచుకొని చూచుచు కూర్చుందుమా?' అని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. ఎద్దును బాధపడనీయుమని ఎవ్వరును కోరుట లేదు. మెలాక్సికామ్ అను మందు అదే పని చేయుననియు, రాబందులకు హాని చేయదనియు 2006 నాటికే పరీక్షలలో తేలినది. టోల్ఫెనామిక్ ఆమ్లము సైతము హాని చేయనిదిగా తరువాత తేలినది. మొదట మెలాక్సికామ్ ప్రియముగా నుండెను, నేడు పలు కంపెనీలు తయారుచేయుచున్నవి. కావున లోపము మందులేమి కాదు. అంగడివాడు చేతికిచ్చిన దానిని పేరు చదువక పుచ్చుకొను మన యలవాటే లోపము. సీసాపై పేరు చదువుట తెలియనివారు మనలో పలువురున్నారు. వారి కొఱకే గదా సంఘ మున్నది.

ఈ ప్రయత్నము వ్యర్థము, పక్షులు ఎటులను పోయినవి, అనువారును కలరు. పూర్తిగా పోలేదు. 2013లో కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో, ప్రాణహిత సమీపమున పాలరాపు గుట్టపై, పొడవుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొనియుండుట కనుగొనబడినది. హర్యానాలోని పింజోరు నందు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమును అటవీశాఖయు కలిసి వానిని పెంచుచున్నారు. అట్లు పెంచినవానిని మరల ఆకాశములోనికి విడుచుటకు, విషము లేని కళేబరము క్రింద నేలపై నుండవలెను. ఆ నేల అటవీశాఖది కాదు, మనది.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములను నేను ప్రతిపాదింప దలచితిని. మొదటిది, సంఘపు మందుల బీరువాలో పశువుల నిమిత్తము మెలాక్సికామ్ ఎల్లప్పుడు నిలువ యుంచి, కొనుబడి ధరకే సభ్యుల కీయవలెను, పై నాలుగు మందుల పేర్లను పెద్ద అక్షరములతో వ్రాసి బీరువా తలుపున కంటింపవలెను. రెండవది, దొమ్మరోగముచే చచ్చిన పశువునకును, నిషిద్ధమైన మందు పడియుండగా చచ్చిన పశువునకును, నూతులకు దూరముగా ఆఱడుగుల లోతు గోయి త్రవ్వించి సున్నము చల్లి పూడ్పించు ఖర్చులో సగమును సంఘపు లాభనిధి భరింపవలెను. దొమ్మ తగిలిన కళేబరమును కోయనే రాదని పశువైద్యులు చెప్పు మాట ఆ తీర్మానములోనే చేర్చవలెను.

ఖర్చు విషయమున కోశాధికారిగారు అభ్యంతరము చెప్పుదురని నే నెఱుగుదును, పోయిన యేటి లాభము స్వల్పమే. అందుచేతనే సగ మని వ్రాసితిని. ఈ తీర్మానములను బలపఱుప నిచ్చగల సభ్యులు సమావేశమునకు వారము ముందుగా తమ పేర్లను కార్యదర్శిగారికి తెలుప ప్రార్థన.