టీడీఎస్ మీటరు చెప్పే జోస్యం

ఇంటర్లో మోలారిటీ, మోలాలిటీ, నార్మాలిటీ అంటూ మనచేత ఎడాపెడా లెక్కలు చేయించారు, గుర్తుందా? ఎంసెట్లో ఆ బిట్లన్నీ కరెక్టుగా పెట్టి, ఇంజనీరింగు చదివి, సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో చేరిపోయాం. అంత చదివిన జనం ఇవాళ పెన్నులాంటి ఓ మీటరుని నీళ్ళ గ్లాసులో ముంచి, అందులో కనిపించిన ఒక్క అంకె చూసి "ఇవి మంచి నీళ్ళు, అవి విషం" అని తేల్చేస్తున్నారు. ఆ మీటరు అమ్ముకునే కుర్రాడి మీద నాకేం కోపం లేదు, అతని టార్గెట్లు అతనివి. కోపమల్లా చదువుకుని కూడా ఒక్క ప్రశ్న అడగని వాళ్ళ మీదే.

మొన్న మా అపార్టుమెంటు మీటింగులో ఒక కంపెనీ వాళ్ళు డెమో ఇచ్చారు. మునిసిపల్ పంపు నీళ్ళలో మీటరు పెడితే 290, వాళ్ళ ఆర్వో నీళ్ళలో 30. తర్వాత రెండు గ్లాసుల్లోనూ లోహపు కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చారు. పంపు నీళ్ళలో గోధుమ రంగు మురికి పైకి తేలింది. "చూశారా సార్, మీ పిల్లలు రోజూ తాగేది ఇదే" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఆర్కిటెక్టులు, ప్రాజెక్టు మేనేజర్లు అందరూ తలలూపారు.

ఆ మురికి నీళ్ళలోది కాదు మహాప్రభో, కడ్డీలోది! కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు లాంటి ఐరన్ హైడ్రాక్సైడు తయారవుతుంది. ఆర్వో నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, కడ్డీ కరగదు. అంతే. ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పేసి మళ్ళీ చెయ్యమన్నాను. "అది మా ప్రొసీజర్ కాదు సార్" అన్నాడు :-)

అసలు విషయానికొద్దాం. ఉప్పుని నీళ్ళలో వేస్తే నీటి అణువులు చుట్టూ చేరి సోడియం, క్లోరైడ్ అయాన్లని విడదీస్తాయి. అవి కరెంటుని మోస్తాయి. పంచదార కూడా కరుగుతుంది కానీ అయాన్లుగా విడిపోదు, అణువులు అణువులుగానే ఉంటుంది. మీటరు చేసేదల్లా నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, దాన్ని 0.5 నుంచి 0.7 దాకా ఉండే ఏదో ఒక గుణకంతో హెచ్చవేసి, పీపీఎం అని చూపించడం. కరిగినదాన్ని అది తూచదు. నిజంగా తూచాలంటే నీళ్ళని వడగట్టి, ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని త్రాసులో వెయ్యాలి.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చేసి చూడండి. లీటరు ఆర్వో నీళ్ళలో 5 గ్రాముల పంచదార, అంటే ఓ చెంచాడు, కలపండి. ఇప్పుడు కరిగినది లీటరుకి 5000 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 5000 పీపీఎం. మీటరు ఇంచుమించు కదలదు. అయాన్లుగా విడిపోని పురుగుమందు కలిసినా అంతే. ఇక బాక్టీరియా అంటారా, అవి అసలు కరిగేవే కావు.

పోనీ అయాన్ల సంగతైనా సరిగ్గా చెప్తుందా? మొత్తం చెప్తుంది, ఏది ఎంతో చెప్పదు. ప్రమాదం ఇక్కడే ఉంది. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం లీటరుకి టీడీఎస్ 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఫరవాలేదు. ఫ్లోరైడ్ 1, దిక్కు లేకపోతే 1.5. సీసం 0.01. ఇప్పుడు లెక్కెయ్యండి. టీడీఎస్ 400 ఉన్న బోరు నీళ్ళలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి, మొత్తంలో అది నూటికి ఒక వంతు. మీటరు పచ్చజెండా ఊపేస్తుంది. ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. సీసం పరిమితికి పదింతలున్నా 0.1 మాత్రమే, మీటరులో చివరి అంకె కూడా మారదు. ఫైలు సైజు చూసి వైరస్ లేదని సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి మన ఆఫీసులో ఒక్కరోజైనా ఉంచుతామా?

ఇదేం ఊహ కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు రాశారు. నల్గొండ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందిస్తే, దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడారు. అందులో పటిక ఎంత వెయ్యాలో తేల్చడానికి ముందు ఫ్లోరైడ్ ఎంతో, క్షారత ఎంతో విడివిడిగా కొలుస్తారు. పటికలోని సల్ఫేట్ నీళ్ళలోనే ఉండిపోతుంది కాబట్టి, నీళ్ళు బాగుపడ్డాక టీడీఎస్ అంకె పెరిగినా పెరగొచ్చు! మన మీటరు వీరులు చూస్తే ఆ నీళ్ళని పారబోస్తారు.

నేను ఆర్వోకి వ్యతిరేకిని కాను. ఉప్పగా ఉండే బోర్లకి, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళకి అది అవసరమే. కానీ 290 ఉన్న పంపు నీళ్ళకి ఎందుకండీ? ఇంట్లో పెట్టే మిషన్లు లీటరు మంచినీళ్ళిచ్చి రెండు మూడు లీటర్లు సింకులో పోస్తాయి. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోలు ఆపించమని 2019లో ఎన్జీటీ కేంద్రానికి చెప్పింది కూడా. మా అపార్టుమెంటు వాళ్ళేమో ఎండాకాలం డబ్బు పోసి ట్యాంకర్లు కొంటారు, మళ్ళీ అవే నీళ్ళని ఆర్వో పేరుతో డ్రైనేజీలోకి వదులుతారు.

కమిటీకి నేను చెప్పింది ఒకటే. మిషన్లు కొనేముందు పంపు నీళ్ళు ఒక సీసా, బోరు నీళ్ళు ఒక సీసా ల్యాబుకి పంపండి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, గట్టిదనం, కోలిఫాం, ఒక్కోదానికీ విడిగా రిపోర్టు తెప్పించండి. కోలిఫాం ఒక్కటే వస్తే మరగబెట్టినా చాలు, యూవీ అయినా చాలు. ఫ్లోరైడ్ వస్తే ఆర్వో గురించి మాట్లాడదాం.

ఇంటర్లో మాస్టారు గాఢత ఎంత అని అడిగితే మనం ముందు అడిగిన ప్రశ్న "దేనిది సార్?" అని. పేరు లేకుండా లెక్క మొదలయ్యేదే కాదు. ఈసారి మీ ఇంటికొచ్చి ఎవరైనా మీటరు ముంచితే ఆ ప్రశ్నే అడగండి. జవాబు రాకపోతే చెక్కు రాయకండి.