కబురు రాని దినములలో



ప్రతి సంవత్సరము డిసెంబరు 4వ తేదీని మన దేశము నౌకాదళ దినముగా ఆచరించుచున్నది. 1971 యుద్ధములో మన నౌకలు కరాచీ రేవుపై చేసిన దాడికి అది జ్ఞాపకము. విశాఖపట్నము రామకృష్ణా బీచిలో ఆ దినమున జరుగు విన్యాసములను ఎన్నో ఏండ్లు మన తెలుగు ప్రజలు వేలాదిగా వెళ్లి చూచిరి. ఓడల దీపముల వరుసలు, హెలికాప్టర్లు చూచి పిల్లలు చప్పట్లు కొట్టిరి. అయితే ఆ ఓడలలో పనిచేయు బిడ్డల తలిదండ్రులు ఎక్కడ ఉన్నారు? అనేకులు మనవంటి పల్లెలలోనే ఉన్నారు. కోత చేలో, పశువుల పాకలో, మిరప కళ్లములో పని చేసికొనుచు, ఫోను మ్రోగునేమోయని ఒక చెవి అటే పెట్టియున్నారు. ఈ నెల వారిని గూర్చి ఆలోచింతము.

నావికుడుగా ఎన్నికైన బిడ్డ మొదట చేరు స్థలము ఒడిశాలో చిలకా సరస్సు ఒడ్డుననున్న ఐ.ఎన్.ఎస్. చిల్కా శిక్షణ కేంద్రము. 2022లో అగ్నిపథ్ పథకము ప్రకటింపబడిన తరువాత చేరిన మొదటి జట్టు 2023 మార్చి 28న అక్కడ శిక్షణ ముగించెను. ఆ సాయంకాలపు కవాతులో సుమారు 2,600 మంది నడిచిరి. వారిలో 270 మందికి పైగా ఆడపిల్లలు. కనుక నేడు కొడుకు కొరకే గాక కూతురు కొరకు కూడ సముద్రము వైపు చూచు తల్లులు ఉన్నారు.

శిక్షణ కాలము ఎట్లో గడచును. బిడ్డ ఓడ యెక్కిన తరువాతనే అసలు పరీక్ష మొదలగును. తీరము దాటిన కొంతసేపటికి ఫోను సిగ్నలు ఉండదు. ఓడ ఎప్పుడు బయలుదేరును, ఎటు పోవును, ఎప్పుడు తిరిగి వచ్చును అనునది రహస్యము. జలాంతర్గామిలో పనిచేయు వారి సంగతి మరియు కఠినము. తన తల్లి అడిగినను బిడ్డ చెప్పరాదు. వారాలు గడచును, ఒక్కొక్కప్పుడు నెల దాటును.

మేము సేవచేయు గ్రామములలో ఒక విధవరాలైన తల్లి ఇట్లు చెప్పినది: “అయ్యగారూ, వాడు మాట్లాడి నెల దాటింది. జీతం డబ్బులు బ్యాంకులో పడుతున్నాయి కదా, ఇంకేం బెంగ అంటున్నారు అందరూ. డబ్బులు మాట్లాడతాయా? భయమేస్తోందని చెబితే విశ్వాసం లేదంటారేమోనని కూడికలో కూడా నోరు విప్పలేదు.”

ప్రియులారా, ఆమె చివరి మాట మన సంఘములన్నిటికి చెందినది. దేవుని మందిరములో భయమును చెప్పుకొనలేని తల్లి మరెక్కడ చెప్పుకొనును? భయపడుట అవిశ్వాసమని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. తుపానులో శిష్యులు తమ భయమును దాచుకొనలేదు. ప్రభువును లేపి ఆయనకే చెప్పిరి. ఆయన వారి విశ్వాసమును గూర్చి ప్రశ్నించెను గాని ముందుగా లేచి గాలిని గద్దించెను.

లేఖనములలో బిడ్డలను పంపిన తలిదండ్రులను చూడుడి. జెబెదయి తన ఇద్దరు కుమారులతో దోనెలో వలలు బాగుచేయుచుండగా ప్రభువు వారిని పిలిచెను. యాకోబు, యోహాను లేచి వెళ్లిరి. తండ్రి జీతగాండ్రతో దోనెలో మిగిలెనని మార్కు 1వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ సాయంకాలము వల లాగుటకు రెండు జతల చేతులు తక్కువైనవి. ఆ ముసలి తండ్రి ఏమనుకొనెనో వ్రాయబడలేదు. మన సంఘములలో వెనుక వరుసలో మౌనముగా కూర్చుండు తండ్రులు అనేకులు జెబెదయి వంటివారే. తల్లి ఏడ్చును, మనము ఓదార్చుదుము. తండ్రిని ఎవరు పలుకరించుదురు?

హన్నా సంగతి మీరెరుగుదురు. సమూయేలును షిలోహులో విడిచి వచ్చినది. ఏటేట అతనికి చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయినది. సంవత్సరమునకు ఒక్కసారి చూచు బిడ్డకు కొలత ఎట్లు తెలిసినది? ఇంతై యుండును, భుజములు ఇంత వచ్చియుండునని ప్రతిదినము తలంచుకొనుచు కుట్టియుండును. బిడ్డ కనబడని కాలములో ప్రేమ ఖాళీగా కూర్చుండలేదు.

మూడవది, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉండిరి. పగలు ఎండ లేదు, రాత్రి చుక్క లేదు. పదునాలుగు రాత్రులు కొట్టుకొనిపోయిరి. వారిలో నావికులు, సైనికులు, ఖైదీలు ఉండిరి. ప్రతివానికి ఎక్కడనో ఒక ఇల్లు ఉండియుండును గదా! ఆ ఇండ్లలో ఒక్కరికైనను ఈ సంగతి తెలియదు. అయితే ఇంటివారికి ఏమియు తెలియని ఆ రాత్రులలోనే దేవుని దూత ఓడలో పౌలు ప్రక్కన నిలిచెను. ఆయన పౌలును మాత్రమే కాదు, ఓడలో ఉన్న వారందరిని అతనికి అనుగ్రహించెను. కబురు లేని రాత్రి దేవుడు లేని రాత్రి కాదని ఈ అధ్యాయము మనకు నేర్పుచున్నది.

ఇది విశ్వసించుటకు ఒంటరిగా కూర్చున్న వానికి కష్టము. నలుగురు కలిసిన చోట సులభము. మేము పైన చెప్పిన తల్లి యొద్దకు ప్రక్క ఊరి సంఘము నుండి మరొక తల్లి వచ్చినది. ఆమె కుమారుడు పండ్రెండేండ్లుగా నేవీలో ఉన్నాడు. “మావాడు మొదటిసారి వెళ్లినప్పుడు నలభై రోజులు పలకలేదు వదినా. నేను అన్నం మానేశాను. తర్వాత రేవుకొచ్చి ఫోను చేసి మొట్టమొదట ఏమడిగాడో తెలుసా? ఇంట్లో ఏం కూర అని!” ఇద్దరును నవ్విరి, పిదప ఇద్దరును ఏడ్చిరి, పిదప కలిసి ప్రార్థించిరి. ఆ దినమున మా ప్రసంగము కంటె ఆ కూర సంగతి ఎక్కువ మేలు చేసినది. ఒకరి భారమును ఒకరు మోయవలెనని గలతీయులకు వ్రాసిన మాటకు అర్థము ఇదే.

బిడ్డ సైన్యములో లేనివారు కూడ ఈ పని చేయగలరు. ఇంగ్లండులో ఆగ్నెస్ వెస్టన్ అను అవివాహిత స్త్రీ 1868లో ఓడ మీద దూరదేశము పోవు ఒక సైనికునికి ఉత్తరము వ్రాసినది. అతడు దానిని ఆ ఓడలోని ఒక నావికునికి చూపగా, తనకు ఉత్తరము వ్రాయువారు ఎవరును లేరని, తనకు కూడ వ్రాయునా యని అతడు కోరెను. ఆమె వ్రాసినది. ఒక ఉత్తరము పదియై, వందలై, చివరకు అచ్చువేసి నెలనెల వేలాది నావికులకు పంపవలసి వచ్చినది. 1876లో డెవన్‌పోర్టు రేవులో నావికులకు ఒక విశ్రాంతి గృహము తెరచినది. 1918లో ఆమె మరణించినప్పుడు నౌకాదళ లాంఛనములతో సమాధి చేసిరి. ఒక్క ఉత్తరముతో ఆరంభమైన పరిచర్య అది.

ఇక మన కుటుంబములు, సంఘములు చేయదగిన కొన్ని పనులు చెప్పుదుము.

1. నెలకొకసారి, మొదటి ఆదివారము ఆరాధన తరువాత, సైన్యములోను నౌకాదళములోను బిడ్డలున్న తలిదండ్రులు ఒక ఇంట కూడుకొనుడి. పాత వారు కొత్త వారికి తమ అనుభవము చెప్పవలెను. పొరుగున ఉన్న హిందూ, ముస్లిము తలిదండ్రులను కూడ పిలువుడి. సముద్రము అందరి బిడ్డలకు ఒక్కటే.

2. ఉత్తరము వ్రాయుడి. నావికుని పేరు, నెంబరు, ఓడ పేరు వ్రాసి ఫ్లీట్ మెయిల్ ఆఫీసు చిరునామాకు పంపినయెడల ఓడ ఎక్కడ ఉన్నను అది వారి ద్వారా చేరును. ఓడ జాడ మీకు తెలియనవసరము లేదు. సండేస్కూలు పిల్లలచేత కూడ క్రిస్మసునకు కార్డులు వ్రాయించుడి.

3. వాట్సాప్‌లో జాగ్రత్త. ఓడ పేరు, బయలుదేరు తేదీ, లోపలి ఫోటోలు గ్రూపులలో పెట్టరాదు. 2019 డిసెంబరులో నౌకల సమాచారము పొరుగు దేశమునకు అందించిరన్న ఆరోపణపై విశాఖ మొదలగు చోట్ల ఏడుగురు నౌకాదళ ఉద్యోగులు అరెస్టయిరి. ఆ నెలలోనే ఓడలలోను స్థావరములలోను స్మార్టుఫోనులను, ఫేస్‌బుక్‌ను నౌకాదళము నిషేధించెను. మీ బిడ్డ పలుకకపోవుట మీ మీద ప్రేమ లేక కాదు. అతని మౌనము తోటివారి ప్రాణములను కాపాడుచున్నది. సంఘములో ప్రార్థించునప్పుడు బిడ్డ పేరు చాలును, ఓడ పేరు వద్దు.

4. ఒక నోటు పుస్తకములో బిడ్డ సర్వీసు నెంబరు, ఉత్తరముల చిరునామా వ్రాసి పెట్టుకొనుడి. మీ ఇంటి చిరునామా, ఫోను నెంబరు మారినయెడల రికార్డులో మార్పించుమని చెప్పుడి. టీవీలో ఏదో వార్త వచ్చినప్పుడు పుకార్ల వెంట పరుగెత్తరాదు. ఇంటి వద్ద స్థలము తగాదా వంటి చిక్కులు వచ్చినప్పుడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వెళ్లి అడుగుడి.

5. విశాఖ వెళ్లినప్పుడు బీచిలో ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడుడి. అది 1969లో నౌకాదళములో చేరి 2001లో విరమించినది. 2002 నుండి మ్యూజియముగా ఉన్నది. లోపలి ఇరుకు దారులు, ఒకదాని మీద ఒకటి అమర్చిన పడకలు చూచిన తండ్రి, సెలవుకు వచ్చిన బిడ్డ మధ్యాహ్నము వరకు నిద్రపోయినను కోపపడడు. ఆ కొద్ది దినములను చుట్టముల ఇండ్లకు త్రిప్పుటతో నింపవద్దు. తినిపించుడి, నిద్రపోనిండు, చెప్పినది వినుడి.

6. 2022లో ప్రకటించిన నియమము చొప్పున అగ్నివీరుల సేవ నాలుగేండ్లు. ఆ పిమ్మట 25 శాతము మంది వరకే కొనసాగుదురు. తక్కినవారు ఇంటికి వచ్చెదరు. అట్లు వచ్చిన బిడ్డను ఓడిపోయి వచ్చినవానిగా చూడరాదు. వాని జీతమును నమ్ముకొని అప్పులు పెంచుకొనరాదు. నేవీ సంబంధమని కట్నము లెక్కలు వేయరాదు. మీరు పంపినది మీ బిడ్డను. మీ బిడ్డగానే చేర్చుకొనుడి.

మరియొక మాట చెప్పక తప్పదు. అన్ని ఓడలు తిరిగి రావు. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి డయ్యూ తీరమునకు దూరమున ఖుక్రీ యుద్ధనౌక మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువలేదు. 2013 ఆగస్టు 14న ముంబయి రేవులోనే సింధురక్షక్ జలాంతర్గామిలో ప్రేలుడు జరిగి 18 మంది చనిపోయిరి. అట్టి ఇంటికి వెళ్లునప్పుడు “దేవుని చిత్తము” అని గుమ్మములోనే చెప్పి తిరిగి రావద్దు. కూర్చుండుడి. కుండలో నీళ్లు నింపుడి, పశువులకు మేత వేయుడి. సంవత్సరము తరువాత ఆ తేదీని మరువక మరల వెళ్లుడి. తన శ్రమల గడియలో సిలువ మీద నుండియే తల్లిని యోహానుకు అప్పగించిన ప్రభువు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని ఈ దినము మన సంఘమునకు అప్పగించుచున్నాడు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో 107వ కీర్తన 23వ వచనము నుండి 30వ వచనము వరకు చదువుడి. ఓడలెక్కి సముద్ర ప్రయాణము చేయువారు అక్కడ ఉన్నారు. మీ సంఘములో అట్టి బిడ్డలు ఎవరెవరు ఉన్నారో పేరు పేరున తలంచి ప్రార్థించుడి. రేపు ఉదయము వారి తలిదండ్రుల గడప తొక్కి, “మీవాడు ఫోను చేశాడా?” అని అడుగుటకు బదులు, “రాత్రి మీవాడి కోసం ప్రార్థన చేశామండీ” అని చెప్పి రండి.

సముద్రమును తన పాదముల క్రింద త్రొక్కిన ప్రభువు నీటి మీదనున్న మన బిడ్డలను, ఒడ్డుననున్న తలిదండ్రులను కాపాడును గాక. ఆమేన్.