అర్థం కాని వాక్కు వ్యర్థమా?

భక్తునికి తెలియని భాషలో అర్చకుడు పలికిన పలుకు భక్తునికి చేరదు. చేరని పలుకు సంభాషణ కాదు. సంభాషణ లేని చోట పూజ కేవలం శబ్దాడంబరం. ఇటీవల దేవాలయ ప్రాంగణాలలో తరచుగా వినవచ్చే ఆక్షేపం ఇది. సంకల్పం సంస్కృతంలో, అర్చన సంస్కృతంలో, ఆశీర్వచనం వేదభాషలో, టికెట్టు ఒక్కటే తెలుగులో ఉన్నదని పరిహాసం కూడా కలదు. పరిహాసాన్ని పక్కన పెట్టవచ్చును గాని ఆక్షేపాన్ని పక్కన పెట్టరాదు. పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టిన తరువాతనే సిద్ధాంతం చెప్పడం శాస్త్రమర్యాద.

ఆక్షేపకుల తర్కానికి మూలం ఒక పటం. వక్త ఒకడు, సందేశం ఒకటి, దానిని మోసే వాహిక ఒకటి, శ్రోత ఒకడు. ప్రత్యుత్తరాన్ని తరువాతివారు చేర్చారు. మానవసంభాషణ అనగానే నేటి పాఠ్యపుస్తకాలు ఈ పటాన్నే గీసి చూపుతాయి. ఇది 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ ప్రచురించిన గణితసిద్ధాంతం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. ఆయన ఎదుట ఉన్న సమస్య టెలిఫోను, టెలిగ్రాఫు తీగలది: ఈ కొనన పంపిన సంకేతం ఆ కొనకు చెడకుండా చేరడం ఎట్లు? సందేశం యొక్క అర్థంతో ఈ సమస్యకు నిమిత్తం లేదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. కాబట్టి దోషం ఆయనది కాదు. తీగ కోసం చేసిన కొలబద్దను తెచ్చి గర్భాలయంలోని మంత్రానికి పెట్టినవారిది.

వాక్కు చేసే పని ఏమిటన్న ప్రశ్నను భారతీయ శాస్త్రాలు పసిబాలుని దగ్గర మొదలుపెట్టాయి. ఇంటిలో పెద్దవాడు ‘ఆవును తీసుకొని రా’ అంటాడు. చిన్నవాడు వెళ్ళి ఆవును తెస్తాడు. పక్కన కూర్చున్న బాలుడు మాటను వింటాడు, పనిని చూస్తాడు. మరునాడు ‘ఆవును కట్టు, గుర్రాన్ని తీసుకొని రా’ అన్నప్పుడు ఏ మాట మారితే ఏ పని మారిందో గమనిస్తాడు. వృద్ధవ్యవహారం వలన భాష పట్టుబడేది ఈ విధంగా. ఈ దృష్టాంతాన్ని గట్టిగా పట్టుకొని ప్రాభాకర మీమాంసకులు వాక్యమంతా కార్యపరమేనన్నారు. అనగా మాట ఉన్నది పని చేయించడానికే. వేదాంతులు అంగీకరించలేదు. ‘నీకు కొడుకు పుట్టాడు’ అన్న వాక్యంలో తండ్రి చేయవలసిన పని ఏదీ లేదు. అయినా ముఖం వికసిస్తుంది. ‘ఇది పాము కాదు, త్రాడు’ అన్నంతనే వణుకు ఆగుతుంది. నది దాటిన పదిమందిలో ఒకడు తనను తాను లెక్కించుకొనక, పదవవాడు మునిగిపోయాడని రోదిస్తుంటే, ‘పదవవాడవు నీవే’ అన్న ఒక్క మాట లేనివానిని తెచ్చి ఇవ్వలేదు, ఉన్నవానినే చూపింది.

ప్రేరేపించడం వేరు, ఆనందింపజేయడం వేరు, భయం తీర్చడం వేరు, అజ్ఞానం తొలగించడం వేరు. సమాచారం అందించడం వీటి సరసన ఒక వ్యాపారం మాత్రమే. అది కూడా చాలాసార్లు మరొకదానికి సాధనంగానే నిలుస్తుంది. వీటన్నిటికన్న విలక్షణమైన వాక్కు ఇంకొకటి కలదు: మాటయే క్రియ అయ్యేది. కన్యాదానంలో దాత పలికే వాక్యం దానాన్ని గూర్చిన వార్త కాదు. జలధారతో కూడిన ఆ మాట దానంలోనే అంగం; ఆ మాట లేనిదే దానం లేదు. ఆంగ్ల దార్శనికుడు జె.ఎల్. ఆస్టిన్ ఇట్టి వాక్యాలను 1955లో హార్వర్డ్ ఉపన్యాసాలలో విచారించాడు. 1962లో అవి గ్రంథంగా వచ్చాయి. మీమాంస చదివినవానికి ఆ విచారణ అపరిచితంగా తోచదు.

సంకల్పం ఈ కోవలోనిది. శ్వేతవరాహకల్పం, వైవస్వతమన్వంతరం, కలియుగంలో ప్రథమపాదం, భరతవర్షం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ, ఏ నదుల మధ్య ఉన్నదీ. ఆపైన సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. చివరకు గోత్రం, పేరు. సర్వజ్ఞుడైన భగవంతునికి ఇంత చిరునామా ఎందుకని ఆక్షేపకులు నవ్వుతారు. ఆ చిరునామా భగవంతుని కొరకు కాదు. కర్మకు పూనుకొన్నవాడు అనంతమైన కాలంలో ఏ క్షణాన, విశాలమైన భూమిపై ఏ చోట నిలబడి, ఏ ఋషి సంతతివాడై, ఏ కోరికతో ఈ పని చేయబోతున్నాడో ప్రకటించి తనను తాను కట్టుబరచుకొనే వాక్యమది. న్యాయస్థానంలో ప్రమాణం చేసే సాక్షి తన సత్యసంధతను గూర్చి న్యాయమూర్తికి సమాచారం ఇవ్వడం లేదు. ఆ క్షణం నుండి మాటకు బద్ధుడవుతున్నాడు. అందువల్లనే అమెరికాలోని ఆలయాలలో చాలాచోట్ల తెలుగువారు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం అని సంకల్పం చెప్పుకుంటారు. ఏ ద్వీపం ఏ ఖండమన్న నిర్ణయంలో వాదాలు ఉండవచ్చును. హైదరాబాదు చిరునామాతో డల్లాస్‌లో కట్టుబాటు కుదరదన్న విషయంలో మాత్రం వాదం లేదు.

మాట లేని సంభాషణ జోలికి ఆక్షేపకులు ఎందుకో పోరు. వైష్ణవాలయంలో శఠారి శిరస్సుపై నిలవగానే భక్తుడు వంగుతాడు. శఠకోపులనబడే నమ్మాళ్వారుల పేరుతో వ్యవహరింపబడే ఆ భగవత్పాదుకలకు ఎవరూ అనువాదం అడగరు. (శఠగోపం పెట్టడమంటే లోకవ్యవహారంలో మోసగించడం కావడం తెలుగువారి చమత్కారం. అర్చకవర్గం కూడా ఒకసారి ఆలోచించుకోదగిన చమత్కారం.) హారతిని కన్నులకద్దుకోవడం, తీర్థానికి చేయి గోకర్ణంగా పట్టడం కూడా పలుకులే.

ఇక, శ్రోతకు వినబడకపోతే వాక్కు విఫలమన్న మాట. మనుస్మృతి జపాన్ని విధియజ్ఞం కన్న పది రెట్లు అధికమన్నది. పక్కవానికి వినబడని ఉపాంశుజపాన్ని నూరు రెట్లు, మానసజపాన్ని వేయి రెట్లు అన్నది. వినబడే కొలది విలువ తగ్గుతున్నదన్న మాట! తెల్లవారుజామున లౌడ్‌స్పీకరు కట్టి గాయత్రిని ఊరందరి చెవులలో పోసేవారికి ఈ లెక్క ఎవరైనా చెప్పవలసి ఉన్నది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో ఒక ప్రసంగాన్ని ఉదాహరించారు. బ్రహ్మమును బోధించుమని బాష్కలి అడుగగా బాధ్వుడు మౌనం వహించాడు. శిష్యుడు మరల అడిగాడు. చివరకు, తాను చెబుతూనే ఉన్నానని, తెలియనిది శిష్యునికేనని, ఆత్మ ఉపశాంతమని పలికాడు. వక్త, సందేశం, వాహిక అనే పటంలో ఈ గురువు ఏ గడిలో కూర్చుంటాడు?

ఆక్షేపకుల కన్న ఎక్కువ హాని చేస్తున్నవారు మంత్రపక్షాన నిలబడి మాట్లాడేవారిలోనే ఉన్నారు. అర్థంతో పని లేదు, ధ్వనితరంగాలు మెదడులోని కణాలను మేల్కొలుపుతాయి, శాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకున్నారు అని వీరి ప్రచారం. మంత్రాలకు అర్థం లేదన్న మతం క్రొత్తది కాదు, అది కౌత్సునిది. యాస్కుడు నిరుక్తంలో దానిని ఎత్తి చూపి, ఒక్కొక్క హేతువునూ ఖండించాడు. మీమాంసకులు కూడా మంత్రం కర్మకాలంలో అనుష్ఠించవలసిన విషయాన్ని స్మరింపజేస్తుందని నిర్ణయించారు. స్మరింపజేయాలంటే మంత్రానికి అర్థం ఉండాలి. అది పలికేవానికి తెలిసి ఉండాలి. వేదాన్ని రక్షిస్తున్నామనుకొంటూ తరంగవాదులు దానిని ఈలపాట స్థాయికి దించుతున్నారు.

నిరుక్తం మొదటి అధ్యాయంలోనే స్థాణువు, అనగా కదలని స్తంభం, రెండుసార్లు కనబడుతుంది. గ్రుడ్డివాడు చూడలేకపోవడం స్తంభం అపరాధం కాదన్నది ఒకచోట. అది తనకు తెలియలేదు కనుక మంత్రమే నిరర్థకమనేవానికి సమాధానం. వేదం అధ్యయనం చేసి అర్థమెరుగనివాడు బరువు మోసే స్తంభమన్నది మరొకచోట. అది ఎవరికి తగులుతుందో చెప్పనక్కరలేదు. మొదటి స్తంభాన్ని ఆక్షేపకులకు చూపించే అర్చకులు రెండవ స్తంభాన్ని చూడనట్లు దాటిపోతున్నారు.

సంస్కృతాన్ని తీసివేసి తెలుగు పెట్టుమనడం న్యాయం కాదు. కట్టుబాటు వాక్యానికి నియతమైన రూపం ఉండాలి. కాని ఏ మాటతో తాను కట్టుబడుతున్నాడో భక్తునికి చెప్పకుండా అతని పేరుతో సంకల్పం చేయడం అంతకన్న అన్యాయం. గోత్రం అడిగి, సమాధానం పూర్తి కాకముందే పళ్ళెం అందుకొని, నామనక్షత్రాలు మింగివేసే అర్చనలో జరిగేది ఆక్షేపకులు చెప్పిన శబ్దాడంబరమే. సంకల్పమంటే ఏమిటో, ఇప్పుడు ఏ దేవతకు ఏమి సమర్పింపబడుతున్నదో, ఏమి ప్రార్థింపబడుతున్నదో తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలును. రద్దీ అన్న సాకు వైకుంఠ ఏకాదశికి, మహాశివరాత్రికి చెల్లుతుంది. బుధవారం మధ్యాహ్నం, మండపంలో ఇద్దరు భక్తులు మాత్రమే కూర్చొని ఉన్నవేళ చెల్లదు.