అడ్వాన్సు ఇంటి యజమాని సొత్తు కాదు

సంపాదకులకు,

అద్దె ఒప్పందం రిజిస్టరు కాకపోతే అడ్వాన్సు అడిగే హక్కు అద్దెదారుకు లేదని మీ వ్యాసకర్త రాశారు. అది తప్పు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు అది నమ్మితే తమ డబ్బు వదులుకుంటారు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే, కానీ రిజిస్టరు కానంత మాత్రాన అడ్వాన్సు అడిగే హక్కు పోదు. అసలు కాగితమే లేకున్నా, ఫోన్‌పేలో పంపిన మొత్తం, బ్యాంకు పాస్‌బుక్కులోని పద్దు, చేతిరాత రసీదు సాక్ష్యాలే.

సున్నాలకు, రంగులకు అడ్వాన్సులో కోసుకోవడం యజమాని ఇష్టమన్న వ్యాసకర్త మాట ఇంకా అన్యాయం. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. గోడ పగలగొడితే ఖర్చు పట్టుకోవచ్చు, ఐదేళ్లకు వెలిసిన రంగుకు కాదు. "కొత్తవాళ్లు దిగాక ఇస్తాంలే" అనడం కూడా అంతే. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ నష్టం వెళ్లిపోయినవాళ్లదా? కూలి డబ్బులు కూడబెట్టి అడ్వాన్సు కట్టినవాళ్లు ఆ సొమ్ము చేతికి రాక, కొత్త ఇంటికి మళ్లీ అప్పు చేస్తున్నారు.

అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ముందు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. స్పందన లేకపోతే న్యాయసేవా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌కు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. యజమాని రాజీకి రాకపోతే సివిల్ దావా వేయాలి. దానికి గడువు మూడేళ్లే. వ్యాసకర్త చెప్పకుండా వదిలేసింది ముఖ్యంగా ఇదే.

– ఒక అద్దెదారు, పుంగనూరు