నిలబడే ఇంజనుకు ఏ పెట్రోలు?

ఈ మధ్య ఏ ఊళ్లో సమావేశం పెట్టినా మద్దతు ధర, యూరియా, కరెంటు సంగతులు అయిపోయాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తున్నది. ఇథనాల్ కలపని పెట్రోలు పట్నంలో దొరుకుతుందట, మన బండ్లకు అది కొట్టిస్తే మంచిదా అని. అడిగేవాళ్లు రోజూ కారులో తిరిగేవాళ్లు కాదు. సెకండ్ హ్యాండులో కొన్న కారును వాకిట్లో నిలబెట్టుకుని ఆస్పత్రికో పెళ్లికో బయటికి తీసేవాళ్లు. పత్తికి, మిర్చికి మందు కొట్టే రోజుల్లో తైవాన్ పంపు వాడి, మిగతా కాలమంతా కొట్టంలో మూలకు పెట్టేవాళ్లు. ట్రాక్టరు డీజిల్‌తో నడుస్తుంది కాబట్టి ఈ బాధ దానికి లేదు. పెట్రోలుతో నడిచి, ఎక్కువ రోజులు ఊరికే ఉండే ఇంజన్లకే ఈ తిప్పలు.

మా అభిప్రాయం ముందే చెప్తాం. కారుకు ఆ పెట్రోలు కొనడం దండగ. పంపుకు, గడ్డి కోసే మిషనుకు కూడా చాలావరకు అవసరం లేదు. ఒకటి రెండు సందర్భాల్లో మాత్రం కొనవచ్చు. అయితే దీన్ని కొనేవాడి తెలివికి వదిలేసి ప్రభుత్వం తప్పుకోవడం మాత్రం మేము ఒప్పుకోం.

అసలు సంగతి ఏమిటంటే, ఇప్పుడు మామూలు బంకులో మనం కొట్టించుకునే పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. 2014లో నూటికి ఒకటిన్నర వంతు కూడా సరిగ్గా కలిసేది కాదు. 2022 జూన్ నాటికి పది శాతానికి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఇ-20 పేరుతో ఇరవై శాతం కలిపింది అమ్మడం మొదలుపెట్టారు. 2030కి అనుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. బంకులో ఇది వద్దు, పాతది పొయ్యి అనడానికి వీల్లేదు. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న కొట్టేశారు.

మరి కలపనిది ఎక్కడుంది? ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ 100 లాంటి నూరు ఆక్టేన్ పెట్రోలులో ఇథనాల్ ఉండదు. పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే అమ్ముతారు. లీటరు 160 రూపాయలు, ఆపైన. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. 95 నంబరు వేసి ప్రీమియం అని అమ్మేదాన్ని ఇథనాల్ లేనిదనుకుని నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి కొట్టించుకుంటున్నారు. అందులోనూ ఇథనాల్ కలుస్తుంది. పేరు పెద్దది కాగానే సరుకు మారదు.

ఇప్పుడు కారు లెక్క చూద్దాం. నెలకు 120 కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకు 16 ఇస్తుందనుకుంటే ఏడున్నర లీటర్లు తాగుతుంది. మామూలు పెట్రోలు 107 రూపాయలు, ఆ పెట్రోలు 160 అనుకుందాం. లీటరుకు 53 తేడా. నెలకు దాదాపు 400, ఏడాదికి 4,800 రూపాయలు అదనం. దానికి బదులు వచ్చేదేమిటి? ఇథనాల్‌కు పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ. అందుకే ఇరవై శాతం కలిస్తే పాత కార్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే రాసుకున్నారు. ఆ నష్టం మన కారుకు నెలకు అర లీటరు, అంటే యాభై రూపాయల పైన. యాభై మిగుల్చుకోవడానికి 400 పెట్టడం ఏ రైతూ చేయడు. నూరు ఆక్టేన్ వల్ల మామూలు ఆల్టోకు, వ్యాగనార్‌కు ఒరిగేదేమీ లేదు. అది గట్టి ఒత్తిడితో పనిచేసే ఖరీదైన ఇంజన్లకు. ఇక ఊరి నుంచి పట్నం పోయి కొట్టించుకుని రావడానికే టాంకులో సగం అయిపోతుంది.

నిలబడితే పాడవుతుందన్న భయం సంగతి చెప్పాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అది నిజం. కొంతవరకు ఆ నీటిని పెట్రోలులో కలిపే ఉంచుతుంది. హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి ఒక పొరగా విడిపోయి టాంకు అడుగుకు దిగుతాయి. పంపు గుంజేది అడుగు నుంచే కాబట్టి ఇంజను ఆగిపోతుంది. కానీ ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు పది శాతం దానికన్నా ఎక్కువ నీటినే పట్టుకుంటుంది. మూత బిగుతుగా ఉన్న కారు టాంకులో రెండు నెలల్లో ఆ హద్దు దాటేంత తేమ చేరదు. వర్షాకాలంలో బంకు వాళ్ల భూగర్భ టాంకులోకి నీళ్లు దిగితే మాత్రం కొట్టించుకున్న కొద్ది దూరానికే బండి ఆగుతుంది. అది మన వాకిట్లో జరిగిన పాడు కాదు, బంకులో జరిగింది. బిల్లు తీసుకోకుండా వస్తే అడిగే హక్కు పోతుంది. ఇంకో మాట, రెండు నెలలు కదలని కారు స్టార్టు కాకపోతే నూటికి తొంభై సార్లు బ్యాటరీనే దిగిపోయి ఉంటుంది. పెట్రోలును తిట్టేముందు అది చూసుకోవాలి.

కాబట్టి కారు ఉన్నవాళ్లు పదిహేను రోజులకోసారి ఇరవై కిలోమీటర్లు నడపండి, ఇంజను బాగా వేడెక్కేదాకా. నెల, రెండు నెలలు నిలబడేది ఉంటే టాంకు నిండుగా పెట్టండి, ఖాళీ చోటు తక్కువుంటే తేమ గాలీ తక్కువే. నాలుగైదు నెలలు అనుకుంటే ఉన్న పెట్రోలు అయిపోగొట్టి, తిరిగి తీసేటప్పుడు కొత్తది పోయించండి. ఎందుకంటే ఇథనాల్ లేని పెట్రోలు కూడా అన్ని నెలలు ఉంటే జిగురు కడుతుంది. 160 పెట్టి కొన్నంత మాత్రాన అది తేనె కాదు, ఏళ్ల తరబడి నిలవ ఉండడానికి.

తైవాన్ పంపు, బ్రష్ కట్టరు, 2020కి ముందు కొన్న మోటారు సైకిళ్లు వేరే జాతి. వీటిలో చాలావాటికి కార్బొరేటరు ఉంటుంది. అందులో నిలిచేది చిన్న గిన్నెడు పెట్రోలు. గాలికి తెరుచుకుని ఉంటుంది. వారాల్లో ఆవిరై జిగురు మిగులుతుంది, సన్నటి జెట్టు మూసుకుపోతుంది. పాత రకం రబ్బరు పైపులు, డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బి, గట్టిపడి పగులుతాయి. టూ-టీ ఆయిల్ కలిపి నడిపే రెండు స్ట్రోకుల ఇంజనుకు ఇంకో ప్రమాదం ఉంది. ఆయిల్ పెట్రోలుతో కలిసి పైన ఉంటుంది. నీళ్లు చేరి విడిపోయిన ఇథనాల్ పొర అడుగున ఉంటుంది, దాంట్లో ఆయిల్ దాదాపు ఉండదు. ఆ పొరే ముందు ఇంజనులోకి పోతే పిస్టన్‌కు జిడ్డు అందక పట్టేస్తుంది. మందు కొట్టాల్సిన రోజున, మబ్బు పట్టకముందు పని తెముల్చుకోవాలని కూలీలను పిలుచుకున్న రోజున పంపు పట్టేస్తే ఆ నష్టం మెకానిక్కు బిల్లుతో తీరదు. పురుగు ఆగదు కదా.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది. పని అయిపోయిన రోజు టాంకులో మిగిలింది వంచేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి కార్బొరేటరును ఎండబెట్టాలి. మోటారు సైకిలైతే పెట్రోలు నాబ్ ఆఫ్ చేసి అలాగే ఆగేదాకా నడపాలి. ఆయిల్ కలిపిన పెట్రోలు ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి, పోయిన యాసంగిలో మిగిలిన డబ్బాను ఈ వానాకాలానికి వాడొద్దు. ఇంత చేస్తే ఇథనాల్ లేని పెట్రోలు కొనే పని లేదు. ఎవరైనా పట్నం పోతూ రెండు లీటర్లు తేగలిగితే మూలకు పెట్టే ముందు చివరి టాంకుకు మాత్రం అది పోసి కొంచెం నడిపి ఆపితే మంచిదే, దానికి అదనపు ఖర్చు నూరు రూపాయలు. నెలల తరబడి ఊరికే ఉండి, కరెంటు పోయిన అర్ధరాత్రి ఒక్క గుంజుకు స్టార్టు కావాల్సిన పెట్రోలు జనరేటరు ఉంటే, అంటే కోళ్ల షెడ్డులోనో, ఇంట్లో రోగి ఉన్నచోటనో, అక్కడ 160 పెట్టినా తప్పు లేదు. ఇలాంటి చోట మేము కొనమనే చెప్తాం. తెచ్చేటప్పుడు ఇనుప క్యానులోనే తేవాలి, బస్సులో తేవద్దు. సొంత వాడకానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చని 1934 పెట్రోలియం చట్టం చెప్తున్నది, అంతకు మించి పోగేయవద్దు.

పెట్రోలులో నీళ్లు పోసి కదిలించి ఇథనాల్‌ను కిందికి దింపి, పైన తేలింది వాడుతున్నామని కొందరు యువకులు చెప్తున్నారు. పరీక్ష కోసమైతే సరే. గాజు కొలత గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కదిపి నిలబెడితే అడుగు పొర దాదాపు 40 దగ్గరకు వస్తుంది. ఇథనాల్ ఎంత ఉందో కళ్లకు కనబడుతుంది. ఆ తేలినదాన్ని ఇంజనులో పోయడం మాత్రం పిచ్చి పని. ఇథనాల్ పోవడంతో ఆక్టేన్ పడిపోతుంది, నీటి తడి మిగులుతుంది, ఇంట్లో పెట్రోలు గిలకొట్టడం నిప్పుతో ఆట.

ఇంత చెప్పాక ప్రభుత్వం సంగతికి వస్తాం. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణలో, పాత బండ్లకు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, అది చవకేనని అన్నారు. ఆ లెక్క రోజూ ఆఫీసుకు పోయే కారుకు సరిపోతుందేమో. మన పంపు కిలోమీటర్లు తిరగదు. మన ఇంజను వయసు నిలబడిన రోజుల్లో ఉంటుంది. ఆ సంగతి ఆ వివరణలో ఎక్కడా లేదు. ఇ-20కి తట్టుకునే భాగాలతో బండ్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచి. మన ఊళ్లలో అంతకు ముందువే ఎక్కువ. కొత్తది కొనగలిగినవాడికి రక్షణ, పాతది నెట్టుకొచ్చేవాడికి రిపేరు.

ఇంతకూ నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లో రెండు మాటలున్నాయి. పాత బండ్ల కోసం పది శాతం పెట్రోలును రక్షణగా అందుబాటులో ఉంచాలని ఒకటి, శక్తి తక్కువ కాబట్టి ఇథనాల్ కలిపిన పెట్రోలు ధర తక్కువ ఉండాలని ఇంకొకటి. మొదటిది ఎగిరిపోయింది. రెండోదానికి, ఇథనాల్ కొనే ధరే పెట్రోలు కన్నా ఎక్కువైందని జవాబు చెప్తున్నారు.

దీన్ని ప్రశ్నిస్తే రైతుకు వ్యతిరేకం అంటున్నారు. ఇథనాల్ వల్ల రైతు అన్నదాత నుంచి ఇంధనదాత అయ్యాడని చెప్తున్నారు. మక్కజొన్న పండించేది మనమే, పెట్రోలు కొనేదీ మనమే, కాబట్టి రెండు వైపులా లెక్క అడిగే హక్కు మనకుంది. 2024-25లో మక్కల ఇథనాల్‌కు లీటరు 71.86 రూపాయలు కేంద్రం ఖరారు చేసింది. క్వింటా మక్కల నుంచి దాదాపు 38 లీటర్లు వస్తుంది, అంటే 2,730 రూపాయల ఇథనాల్, పైగా దాణాగా అమ్ముకునే పిప్పి. డిస్టిలరీ ధరకు ప్రభుత్వ హామీ ఉంది. మన 2,400 మద్దతు ధరకు? 2025 వానాకాలం పంట వచ్చినప్పుడు కర్ణాటకలో మక్కల రైతులు రోడ్డెక్కింది అంతకు చాలా తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చే కదా. మన మార్కెట్లలోనూ వ్యాపారి చెప్పిందే ధర అయింది. అటు ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం క్వింటా 2,250కే డిస్టిలరీలకు ఇచ్చారు. అంత చవక బియ్యం దొరుకుతుంటే మన మక్కలకు పోటీ పడి ధర ఎందుకు పెడతారు?

ఇథనాల్ వద్దని మేము అనడం లేదు. మక్కలకు, చెరుకుకు ఇంకో గిరాకీ ఉండటం మంచిదే. ప్రతి మండలంలో ఒక్క బంకులోనైనా పది శాతం లేదా అసలు కలపని పెట్రోలు మామూలు పన్నుతో అమ్మాలి, నూరు ఆక్టేన్ పేరుతో 160కి కాదు. ఇ-20కి మైలేజీ తగ్గినంత మేరకు, లీటరుకు ఆరేడు రూపాయలు ధర తగ్గించాలి. పంపు గన్ను దగ్గర ఎంత శాతం కలిసిందో తెలుగులో రాయాలి. మద్దతు ధర కన్నా తక్కువకు మక్కలు కొన్న డిస్టిలరీ నుంచి ఆయిల్ కంపెనీలు ఇథనాల్ కొనకూడదు.

ఈ నాలుగింటితో మండల కమిటీల నుంచి కలెక్టర్లకు వినతిపత్రాలు ఇద్దాం. పంపో, బండో ఈ ఏడాది పెట్రోలు వల్ల చెడిపోయిందని మెకానిక్కు చెప్పినవాళ్లు ఆ బిల్లు, బంకు రసీదు, ఎన్ని రోజులు నిలబెట్టారో రాసిన కాగితం గ్రామ కమిటీకి ఇవ్వండి. ఊరికి అయిదారు వచ్చినా చాలు, వినతిపత్రం వెనుక జత చేస్తాం.