మెనూ మార్చాలంటే ఎన్ని ఫైళ్లు తెరుస్తారు?

జూనియర్లు తమ ప్రాజెక్టు లింకులు పంపి ‘అన్నా, ఒకసారి చూడు’ అంటుంటారు. చూస్తాను. హోమ్ పేజీలో బొమ్మలు కదులుతుంటాయి, బటన్ల మీద మౌస్ పెడితే రంగులు మారుతుంటాయి. బాగానే ఉంటాయి. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న వాటి గురించి కాదు. ‘పైనున్న మెనూలో ఇంకో లింకు కలపాలి. ఎన్ని ఫైళ్లు తెరుస్తావు?’

చాలామంది కాసేపు ఆగి ‘అన్ని పేజీలూ తెరవాలన్నా’ అంటారు. ఈ జవాబుతో ఫ్రెషర్ ఇంటర్వ్యూకి వెళ్లొద్దనే చెబుతాను. ఎందుకో నాకు తగిలిన దెబ్బతోనే చెప్పగలను.

మాది రేణిగుంట. బీటెక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ, ఖర్చులకు వస్తాయని ఇక్కడి ఒక ట్రావెల్స్ వాళ్లకు వెబ్‌సైట్ చేసిచ్చాను. మా ఊళ్లో ట్రావెల్స్‌కు గిరాకీ ఎందుకో చెప్పక్కర్లేదు. గూడూరు, అరక్కోణం, కడప వైపుల నుంచి వచ్చే రైలు మార్గాలు కలిసేది ఇక్కడే. తిరుపతి విమానాశ్రయం ఉన్నదీ ఇక్కడే. తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం అంటూ ఒక్కో ప్యాకేజీకి ఒక్కో పేజీ పెట్టాను. మొత్తం 27 పేజీలు. మొదటి పేజీలో మెనూ రాసి, మిగతా 26 పేజీల్లో కాపీ చేసి అతికించాను. మెనూ పక్కన ఫోన్ నంబరు, పేజీ అడుగున చిరునామా.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. రేణిగుంట చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. యజమాని ఫోన్ చేసి ‘సామీ, జిల్లా పేరు మార్చు. అట్నే కొత్త నంబరు పెట్టు’ అన్నాడు. ఎడిటర్‌లో అన్ని ఫైళ్లలో ఒకేసారి వెతికి మార్చే సౌకర్యం ఉంది కదా, పది నిమిషాల పనిలే అనుకున్నాను. అయితే శ్రీకాళహస్తి ప్యాకేజీల పేజీలు మూడు తర్వాత చేసినవి. వాటిలో నంబరు మధ్యలో ఖాళీ వదిలి రాశాను. వెతుకులాటకు అవి దొరకలేదు. నేనూ తెరిచి చూడలేదు.

నెల తర్వాత ఒక కుటుంబం విమానం దిగి, అందులో ఒక పేజీ చూసి పాత నంబరుకు ఫోన్ చేసింది. అది స్విచాఫ్. వాళ్లు వేరే కారు మాట్లాడుకుని వెళ్లిపోయారు. ‘ఏం సామీ, అంతా మార్చేసినానంటివి కదా’ అని యజమాని అడిగాడు. తప్పు నాదే. నాకు రావాల్సిన మిగతా డబ్బు అడగడానికి నోరు రాలేదు.

దీనికి మూలం హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంది. బొమ్మను వేరే ఫైల్ నుంచి తెచ్చుకోవచ్చు, సీఎస్ఎస్ తెచ్చుకోవచ్చు, జావాస్క్రిప్టూ తెచ్చుకోవచ్చు. కానీ ఇంకో ఫైల్లో రాసిన హెచ్‌టీఎంఎల్ ముక్కను తెచ్చి ‘ఇక్కడ పెట్టు’ అని చెప్పే మామూలు ట్యాగ్ ఇప్పటికీ లేదు. 1990ల్లో ఫ్రేములు వాడేవారు. మెనూ ఒక ఫ్రేములో, పేజీ ఇంకో ఫ్రేములో. ఏ పేజీకి వెళ్లినా పైన అడ్రసు మారేది కాదు, దాంతో ఆ పేజీ లింకు ఎవరికీ పంపలేకపోయేవారు. హెచ్‌టీఎంఎల్5 వాటిని పక్కన పెట్టేసింది. క్రోమ్ తెచ్చిన హెచ్‌టీఎంఎల్ ఇంపోర్ట్స్‌నూ 2020లో క్రోమే తీసేసింది. అంటే ఈ పని బ్రౌజర్‌కు వదిలేసే వీల్లేదు, మనమే చూసుకోవాలి.

అన్నిటికంటే తేలిక పాత పీహెచ్‌పీ పద్ధతే. మెనూను ఒక ఫైల్లో రాసి, ప్రతి పేజీలో ‘ఇన్‌క్లూడ్’ అని ఒక్క వరుస పెడితే చాలు. పేజీ పంపే ముందు సర్వరే రెండిటినీ కలుపుతుంది. వర్డ్‌ప్రెస్ థీముల్లో హెడర్ ఫైల్ విడిగా ఉండేదీ ఇందుకే. పీహెచ్‌పీ అంటే మనవాళ్లకు ఎందుకో చిన్నచూపు. నాకైతే లేదు.

జావాస్క్రిప్టుతో ‘ఫెచ్’ చేసి మెనూ తెచ్చుకోవడం యూట్యూబ్‌లో ఎక్కువగా చూపిస్తారు. ఇక్కడ చాలామంది మొదటి రోజే ఇరుక్కుంటారు. ఫైల్‌పై డబుల్ క్లిక్ చేసి తెరిస్తే భద్రతా నిబంధనల వల్ల బ్రౌజర్ ఆ ఫైల్‌ను తేనివ్వదు, లోకల్ సర్వర్ నడపాలి. స్క్రిప్ట్ లోడ్ కాకపోతే మెనూనే ఉండదు. బలహీనమైన సిగ్నల్‌లో రైల్లో కూర్చుని చూసేవాళ్లను గుర్తుపెట్టుకోండి.

కాలేజీ విద్యార్థులకు నేను చెప్పేది స్టాటిక్ సైట్ జనరేటర్ నేర్చుకోమని. జెకిల్, హ్యూగో, ఎలెవెంటీ ఏదైనా సరే. మీరు మెనూ ఒక్కసారి రాస్తారు, పేజీలన్నీ అదే తయారు చేసి ఇస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో పీహెచ్‌పీ నడవదు గానీ జెకిల్ దానంతటదే నడుస్తుంది, పైసా ఖర్చు లేదు. ఒక్క చిక్కుంది. మెనూ లింకు ముందు స్లాష్ లేకపోతే ఫోల్డర్ లోపలి పేజీల నుంచి తప్పుదారి పడుతుంది. స్లాష్ పెడితే, గిట్‌హబ్‌లో ప్రాజెక్టు సైటు అడ్రసులో రిపోజిటరీ పేరు కూడా ఉంటుంది కాబట్టి ఇంకోలా తప్పుతుంది. జెకిల్‌లో ‘రిలేటివ్ యూఆర్ఎల్’ అనే ఫిల్టర్ ఉన్నది ఇందుకే. ఇంటర్వ్యూలో ఇది మీ అంతట మీరే చెప్పగలిగితే, సైటు నిజంగా మీరే చేశారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

రియాక్ట్ మాటేమిటంటారా? అందులో మెనూ ఒక కాంపొనెంట్, సమస్యే లేదు. కానీ ఆరు పేజీల సైటుకు రియాక్ట్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఉద్యోగ ప్రకటనల్లో అడుగుతారు కాబట్టి నేర్చుకోండి. అది లేనప్పుడు ఇదే పని ఎలా చేస్తారో కూడా తెలిసి ఉండాలి. మూడు పేజీల సైటయితే కాపీ చేసి అతికించినా నేనేమీ అనను.

మెనూ ఒకేచోట ఉంటే పని తగ్గుతుంది, అంతేకాదు. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటూ సైటు వాడతారు. పేజీ పేజీకీ లింకుల వరుస మారితే వాళ్లకు ప్రతిసారీ కొత్త ఊరే. అందుకే డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో 3.2.3 నియమం, అన్ని పేజీల్లో మెనూ వరుస ఒకేలా ఉండాలంటుంది. పనిలో పనిగా, ఇప్పుడున్న పేజీ ఏదో చెప్పే ‘ఏరియా-కరెంట్’ కూడా పెట్టండి.

పెద్ద ఉదాహరణ కావాలంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రభుత్వ వెబ్‌సైట్లను పక్కపక్కనే తెరవండి. రెండూ ఎన్‌ఐసీ వారి ఎస్3వాస్ వేదిక మీదివే. పైభాగం అమరిక చూస్తే ఒక అచ్చులో పోసినవని తెలిసిపోతుంది. కొత్త జిల్లా వచ్చినప్పుడు మెనూను మొదటి నుంచి కట్టాల్సిన పని ఉండదు.

ఆ ట్రావెల్స్ సైటును తర్వాత డబ్బులు అడగకుండానే జెకిల్‌లోకి మార్చాను. మొన్న యజమాని మళ్లీ ఫోన్ చేసి వాట్సాప్ లింకు పెట్టమన్నాడు. బస్సులో ఉన్నాను. ఫోన్‌లోనే గిట్‌హబ్ తెరిచి ఒక్క ఫైల్లో ఒక్క వరుస కలిపాను. తిరుపతి బస్టాండులో దిగేసరికి 27 పేజీల్లోనూ వచ్చేసింది. ఈసారి శ్రీకాళహస్తి పేజీలు మూడూ తెరిచి చూసుకున్నాను లెండి.