ముప్పావు కాలానికి జీతం ఎవరిస్తారు?

రోగులను చూస్తూనే పరిశోధన కూడా చేసే డాక్టర్లు అంతరించిపోయే జాతిలా మారుతున్నారని 1979లో జేమ్స్ విన్‌గార్డెన్ హెచ్చరించారు. తర్వాత ఆయనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, ఎన్‌ఐహెచ్‌కు డైరెక్టరయ్యారు. ఆ జాతిని కాపాడుకోవడానికి ఆ సంస్థ చేతిలో ఉన్న ప్రధాన సాధనం కే అవార్డులు. వీటిలో కే08, కే23 వైద్యుల కోసం ఉద్దేశించినవి. అనుభవజ్ఞుడైన గురువు దగ్గర మూడు నుంచి ఐదేళ్లు పనిచేసి, సొంతంగా పరిశోధన నడపగలిగే స్థాయికి ఎదగడానికి ఇచ్చే గ్రాంట్లవి. షరతుల్లో అన్నిటికన్నా బరువైనది సమయం. అవార్డు పొందినవారు తమ వృత్తి కాలంలో కనీసం 75 శాతం, అంటే ఏడాదికి 9 నెలల శ్రమ, పరిశోధనకూ శిక్షణకూ కేటాయించాలి.

ఈ శాతాన్ని వారానికి నలభై గంటల మీద లెక్కవేయరు. మనిషి వృత్తిపరంగా చేసే పని మొత్తం ఎంతుంటే అదే నూరు శాతం. వారానికి 60 గంటలు పనిచేసే డాక్టరయితే 45 గంటలు పరిశోధనకు పోవాలి. ఓపీ, వార్డు రౌండ్లు, రాత్రి డ్యూటీ, విద్యార్థుల పాఠాలు, కమిటీలు అన్నీ మిగిలిన 15 గంటల్లో సర్దుకోవాలి. నలభై గంటలు రోగులను చూసి, రాత్రులూ ఆదివారాలూ కలిపి పరిశోధన చేశానంటే అది ఈ షరతుకు సరిపోదు. పైగా ఇవి ఉత్తుత్తి అంకెలు కావు. ఫెడరల్ గ్రాంట్లపై వెచ్చించిన సమయాన్ని ఎక్కువ చేసి చూపారన్న ఆరోపణలపై 2003లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ 55 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది.

షరతు న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఒక ప్రశ్నను పట్టుకుని నెలల తరబడి దానితోనే ఉంటే తప్ప పరిశోధన చేయడం సాధ్యం కాదు. రెండు ఓపీల మధ్య దొరికిన ఖాళీలో అది జరగదు. చిక్కంతా డబ్బు దగ్గర ఉంది. ఎన్‌ఐహెచ్‌లోని చాలా ఇన్‌స్టిట్యూట్లు కే అవార్డు కింద జీతానికి ఇచ్చేది ఏడాదికి లక్ష డాలర్ల వరకే. డాక్టరు జీతం రెండున్నర లక్షలనుకోండి. అందులో 75 శాతమంటే 1,87,500 డాలర్లు. గ్రాంటు పోగా 87,500 లోటు. దాన్ని ఆయన పనిచేసే విభాగం ఫెడరల్ గ్రాంట్లతో సంబంధంలేని సొంత నిధుల్లోంచి పూడ్చాలి. ఆ డాక్టరు ఓపీలో కూర్చుంటే వచ్చే ఆదాయమూ పోతుంది. అందుకే ఎవరు దరఖాస్తు చేయాలన్నది ఎన్‌ఐహెచ్ నిపుణుల కమిటీ ముందుకు వెళ్లకముందే, విభాగాధిపతి గదిలోనే చాలావరకు తేలిపోతుంది. సంపన్న వైద్య కళాశాల ఆ లోటు భరించగలదు. బీదల ఆసుపత్రిని నడుపుతూ నెట్టుకొచ్చే కళాశాల భరించలేదు. ప్రతిభ రెండుచోట్లా ఉంటుంది.

సర్జన్ల విషయంలో ఈ ఇబ్బందిని ఎన్‌ఐహెచ్ కొంత గుర్తించింది. వారి జీతాలు ఎక్కువ కాబట్టి లోటూ ఎక్కువే. పైగా ఆపరేషన్లు తగ్గితే చేతి నైపుణ్యం మొద్దుబారుతుంది. అందుకే కొన్ని ఇన్‌స్టిట్యూట్లు వారికి 50 శాతం చాలంటున్నాయి. అవార్డు చివరి రెండేళ్లలో సొంతంగా పెద్ద గ్రాంటు సంపాదించినవారు కూడా కే కింద చూపే సమయాన్ని 50 శాతానికి తగ్గించుకోవచ్చు.

ఇంటి సంగతి వేరు. కే అవార్డులు పొందిన వైద్యుల మీద 2014లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పెళ్లై పిల్లలున్నవారిలో ఆడవాళ్లు మగవాళ్లకన్నా వారానికి 8.5 గంటలు ఎక్కువగా పిల్లల పెంపకానికీ ఇంటిపనికీ వెచ్చిస్తున్నారు. దాదాపు ఒక పనిదినం! ఆ 75 శాతం ఇద్దరికీ ఒకటే. కుటుంబ అవసరాలకోసం తాత్కాలికంగా పని తగ్గించుకునే వెసులుబాటును ఎన్‌ఐహెచ్ కల్పించింది. కానీ సమయం తగ్గించుకుంటే చేయాల్సిన పరిశోధన తగ్గదు, దాన్ని చేసిపెట్టే మనిషి కావాలి. ఈ అవసరాన్ని గుర్తించిన డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లో 10 వైద్య కళాశాలలకు ప్రత్యేక నిధి ఇచ్చింది. ఇంట్లో సంరక్షణ భారం ఉన్న యువ వైద్య పరిశోధకులు దానితో సహాయకులను పెట్టుకోగలిగారు. దారి చూపింది ఒక ప్రైవేటు ఫౌండేషన్. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పథకానికి ఇది మొదటి నుంచీ ఉండాల్సిన ఏర్పాటు.

అమెరికాలోని మన తెలుగు డాక్టర్లకు మరో గడప ఉంది. కే08, కే23లకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో తప్పనిసరి. భారత్‌లో పుట్టినవారికి గ్రీన్‌కార్డు రావడానికి ఏళ్లు పడుతుంది. వీసా మీద ఉన్నవారికి తెరిచి ఉన్న తలుపు కే99. దానికి పోస్ట్‌డాక్టరల్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. గ్రీన్‌కార్డు వచ్చేలోగా పరిశోధనకు అనువైన వయసు వార్డుల్లోనే గడిచిపోయినవారి నష్టం ఏ నివేదికకూ ఎక్కదు.

మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 2008 నుంచి పనిచేస్తున్న డీబీటీ–వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ డాక్టర్లకూ ఫెలోషిప్పులు ఇస్తోంది. ఫెలోషిప్ వచ్చినంత మాత్రాన బోధనాసుపత్రి ఓపీ ముందు క్యూ తగ్గదు. ఆ డాక్టరు స్థానంలో మరొకరిని నియమించకపోతే ఆ భారం సహోద్యోగుల మీద పడుతుంది, లేదా పరిశోధన మీద పడుతుంది. కే అవార్డుకైనా ఇక్కడి ఫెలోషిప్‌కైనా దరఖాస్తుతో సంస్థ ఇచ్చే హామీ లేఖను మార్చడం దగ్గర రెండు దేశాల్లోనూ సంస్కరణ మొదలుపెట్టవచ్చు. వారానికి ఎన్ని ఓపీలు, నెలకు ఎన్ని రాత్రి డ్యూటీలు, జీతం లోటు ఏ ఖాతాలోంచి పూడుస్తారు, ఆ రోగులను ఎవరు చూస్తారు అన్నవి అందులో ఒక్కొక్కటిగా రాయించాలి. ఏడాదికోసారి ఆసుపత్రి డ్యూటీ చార్టుతో సరిచూసి, తేడా వస్తే సంజాయిషీని సంస్థ నుంచి అడగాలి, డాక్టరు నుంచి కాదు.